ఐదు రోజుల చీటీ

చీటీలో రాసింది ఐదు రోజులకే.
నాకు తెలుసు.
మడతల కాడ చిరిగి, వెనక టేపు అతికించుకొని
పదకొండోసారి మా అద్దం బల్ల మీదికి వొచ్చేసరికి
డాక్టరు సంతకం చెమటకు అలుక్కుపోయి
చీమ పాకిన జాడ మాదిరి ఉండింది.

చిత్తూరు గిరింపేటలో మా మందుల షాపు.
శెట్టి గల్లాపెట్టె కాడ, నేను అరల కాడ.
పదిహేడేండ్లుగా
ఈ ఊరి నొప్పులు నాకు అక్షరక్రమంలో తెలుసు.

చెంగల్రాయుడు గ్రానైటు లోడింగు మనిషి.
రాయి జారలేదన్నా,
రాయిని పట్టుకోబోయి నా నడుమే జారింది,
అని తనే చెప్పి తనే నవ్వేవాడు.
మొదట్లో పూటకొక బిళ్ళ.
మామిడికాయల సీజనులో
గుజ్జు ఫ్యాక్టరీ రాత్రి లోడుకు గూడా పోతా
ఒకటి రెండయింది, రెండు నాలుగయింది.
"నొప్పికి తెలివి ముదిరిందన్నా,
ఒక్క బిళ్ళ పోయి తడితే తలుపు తీయదు."
నేనూ నవ్వినాను.
నవ్వి, ఇంకో అట్ట కత్తిరించినాను.

నిద్దర పట్టలేదని వేలూరు పోయినాడు.
ఆ డాక్టరు వేరే, ఆ చీటీ వేరే.
రెండు చీటీలూ ఒకే జేబులో
పక్కపక్కనే పండుకున్నాయి గానీ
ఒకదాన్నొకటి చదువుకోలేదు.
రెండూ చదివినవాణ్ణి
నేనొక్కణ్ణే.

తర్వాత కుప్పమ్మ చెప్పింది,
ఏడవకుండా, ఎవరి సంగతో చెప్పినట్టు:
"ఆ రాత్రి గురక పెట్టినాడన్నా.
మూడు నెలలుగా కన్ను మూయని మనిషి.
పిల్లోళ్ళను మిద్దె మీదికి తరిమి
టీవీ ఆపేసి
ఫ్యాను ఆయన పక్కకు తిప్పి
నడివీధి గంగమ్మకు దండం పెట్టుకున్నా,
ఈ ఒక్క రాత్రయినా లేపొద్దు తల్లీ అని."

లేపలేదు తల్లి.

అది గురక కాదని
ఎవరు చెప్పాల ఆమెకు?
ఊపిరి ఒక మెట్టు దిగి, నిలబడి,
దిగాల్నా వొద్దా అని యోచన చేసి
ఇంకో మెట్టు దిగే చప్పుడు అదని,
పెదాలకు నేరేడుపండు రంగు వొస్తే
పిలవాలని, గిల్లాలని, లేవకపోతే
ఆటో కోసం వీధిలోకి ఉరకాలని,
ఈ బిళ్ళా ఆ బిళ్ళా ఒకే పొట్టలో పడగూడదని,
రెండింటి మీదా ఆ సందేళ తాగిన క్వార్టరు అసలే పడగూడదని.
చెప్పడానికి అర నిమిషం చాలు నాకు.
చిల్లర వెతికే అర నిమిషం.

ఊరు గుండెపోటు అనింది.
మంచి మాట.
ఎవరి చేతికీ అంటుకోని మాట.
శెట్టి గూడా సాయంత్రం వరకు షట్టరు సగం దించి
"పాపం, గుండెపోటు" అన్నాడు.
నేను తల ఊపినాను.

పదహారో రోజు దాటినాక
కుప్పమ్మ గుడ్డసంచిలోనుంచి తీసింది:
టేపు అతికించిన చీటీ,
పద్నాలుగు బిళ్ళలు మిగిలిన అట్టలు.
"వాడనివి. వాపసు తీసుకుంటారా?"

కత్తిరించిన అట్ట వాపసు తీసుకోం.
అది షాపు రూలు.
చీటీ తేదీ చూడాలనే రూలు తప్పినాం,
రిజిస్టరులో రాయాలనే రూలు తప్పినాం,
ఈ ఒక్క రూలు మాత్రం
పదిహేడేండ్లలో ఒక్కపూట తప్పలేదు.

శెట్టి తల అడ్డంగా ఊపినాడు.
ఆమె అట్టలన్నీ మళ్ళీ సంచిలో పెట్టుకుంటా
అంత పెద్ద విషయమేం కానట్టు అడిగింది:
"పోనీలే. ఫ్యాక్టరీలో నిలబడి నిలబడి
నాకూ నడుము లాగతా ఉంది.
ఇవే ఏసుకుంటే సరిపోతుందా అన్నా?"

గల్లాపెట్టె మూసిన చప్పుడు వినబడింది.
బల్లకు ఒక పక్కన తీసి వేసే చెక్క ఉంటుంది,
ఉదయం లోపలికి వొచ్చేటప్పుడొకసారి
రాత్రి పోయేటప్పుడొకసారి ఎత్తుతాను.
మిట్టమధ్యాహ్నం దాన్ని ఎత్తినాను.